ఇసుకలో కొత్తిమీర మడి

పోయిన ఏడాది చలికాలంలో మేము నాలుగు కుటుంబాలవాళ్ళం కలిసి వఫ్రాలో ఒక పొలంలో మూల ముక్క బాడుగకు తీసుకొని కొత్తిమీర, మెంతికూర, పాలకూర వేశాం. మాలో ఇంజనీర్లున్నారు, డాక్టరున్నారు, బ్యాంకు లెక్కలు చూసేవారున్నారు. సేద్యం తెలిసినవారు మాత్రం లేరు. నీళ్ళు వృథా కాకూడదని రోజూ సాయంత్రం పొదుపుగా చిలకరించాం. మూడో వారానికల్లా కొత్తిమీర ఆకుల అంచులు మాడి, మడి మీద తెల్లటి పొర తేలింది. పక్క పొలంలో పనిచేసే రాయచోటి ఆయన వచ్చి చూసి, “చౌడు తేలింది సార్. నేల కడగకుండానే ఇత్తనాలు ఏసినారు” అన్నాడు.

నేల కడగడమంటే ఏమిటో తెలియాలంటే ఈ దేశపు నీటి కథ కొంత చెప్పుకోవాలి.

చమురుకు ముందు కువైట్‌లో చెప్పుకోదగ్గ సేద్యమంటే జహ్రా ఒయాసిస్సుదే. బావుల నీరు ఉప్పన. అక్కడివారు ఖర్జూరం, బార్లీ, గోధుమ, పశువులకు జత్ అనే మేత పండించుకున్నారు. ఖర్జూరం, బార్లీ రెండూ ఉప్పును బాగా ఓర్చుకునేవి. అనుభవం మీద ఎంచుకున్న పైర్లవి. పట్నంలో తాగడానికే మంచినీరు చాలక షత్తల్ అరబ్ నుంచి పడవల్లో తెచ్చేవారు. కందరీ అనేవాడు రెండు డబ్బాలు కావడి కట్టుకొని ఇంటింటికీ అమ్మేవాడు. అప్పట్లో ఇక్కడ చెల్లినది మన రూపాయే సుమా! 1953లో షువైఖ్‌లో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారం వచ్చింది. అదే ఏడు ప్రభుత్వం ప్రయోగ వ్యవసాయ క్షేత్రం పెట్టింది. 1960లో రౌదతైన్ దగ్గర భూగర్భంలో మంచినీరు దొరికింది. అయినా దక్షిణాన వఫ్రా, ఇరాకు సరిహద్దున అబ్దలీ పొలాలు ఎక్కువగా ఉప్పదనమున్న బావినీటి మీదే లేచాయి.

ఇక్కడ ఏడాదికి వాన 120 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. కరువుసీమ అనుకునే అనంతపురంలో అంతకు నాలుగింతలు పడుతుంది. కడిగే వాన లేదు గనుక బావినీటిలోని ఉప్పు నేలలోనే ఉండిపోతుంది. కాస్త కాస్త చిలకరిస్తే నీరు ఆవిరై ఉప్పు పైకి తేలుతుంది. మా పొదుపే మా మడిని చెరిపిందన్నమాట. పైరుకు కావలసినదానికన్నా ఎక్కువ నీరు ఒక్కసారిగా పారించి, ఉప్పును వేళ్ళ కిందికి దించాలి. ఆ నీరు దిగడానికి దారి ఉండాలి గదా! ఇసుక కింద గట్టి సున్నపు పొర ఒకటి ఉంటుంది; దాన్ని ఇక్కడ గచ్ అంటారు. మన ఇళ్ళలోని గచ్చు కూడా పారశీకం నుంచి వచ్చిన ఆ మాటే. గడ్డపారతో దాన్ని పగలగొట్టిన రోజున మా డాక్టరుగారి అరచేతులు బొబ్బలెక్కాయి. ఆపైన బాగా మాగిన గొర్రెల ఎరువు. పచ్చిదైతే అదీ ఉప్పే. రాయలసీమలో పొలంలో మంద కట్టించినవారికి ఇది కొత్త కాదు.

1990 ఆగస్టు 2న ఇరాకు దండయాత్రతో ఈ పొలాలూ ఆగిపోయాయి. నీరు పెట్టే చేతులు వెళ్ళిపోయాయి. 600కు పైగా చమురు బావులు తగలబడ్డాయి; చివరి మంట 1991 నవంబరులో గాని ఆరలేదు. మసి పడిన నేలను, మందుపాతరలు ఏరిన నేలను మళ్ళీ మొదటినుంచి సాగులోకి తెచ్చుకోవలసి వచ్చింది.

ఆ సాగులో కడప, చిత్తూరు జిల్లాలవారి చేతులు చాలా ఉన్నాయి. రాయచోటి ఆయన ఇక్కడికి వచ్చి 19 ఏళ్ళు. మన ఉగాదికి ఎప్పుడైనా వచ్చావా అని అడిగితే, అదెక్కడ చేస్తారు సార్ అని ఎదురు అడిగాడు. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఏటా కార్డులు అచ్చు వేయిస్తున్నాం. వఫ్రా వైపు ఒక్కటీ పోలేదు.

ఈ అక్టోబరులో నేల కడిగి, ఎరువు కలిపి, గాలి కొట్టే వైపు తాటాకు దడి కట్టి మళ్ళీ విత్తాం. మొదటి కోత మెంతికూర ఆయన గదికి పట్టుకువెళ్ళాం. తీసుకొని, తూర్పు వైపు రెండు మడుల్లో ఇంకా ఉప్పు పోలేదనీ, అక్కడ ఈ ఏటికి కొత్తిమీర మాని బీట్‌రూట్ వెయ్యమనీ చెప్పాడు.