బందెలదొడ్డి పుస్తకం, గిట్ట మీది నంబరు

మాది ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్. నాన్నగారు రైల్వే. నా చిన్నప్పుడు మా గేదె పట్టాల మీదికి పోయి బందెలదొడ్డిలో పడింది. 1871 నాటి క్యాటిల్ ట్రెస్‌పాస్ చట్టం ప్రకారం దొడ్డి రిజిస్టరులో పశువు ఆనవాళ్లు, తెచ్చిన రోజు, గంట, తోలుకొచ్చినవాడి పేరు, తెలిస్తే యజమాని పేరు రాయాలి. ఏడు రోజుల్లో ఎవరూ విడిపించుకోకపోతే నోటీసు, ఆపైన వేలం. 1890 రైల్వే చట్టంతో పట్టాల మీది పశువులకీ ఇదే వర్తించింది. మా గేదె కొమ్ము మీద గాటు ఉంది. రిజిస్టరులో మాత్రం "నల్ల గేదె ఒకటి" అనే ఉంది! నల్లవి కాని గేదెలెన్ని? చివరికి మా గేదెని మేమే వేలంలో కొనుక్కున్నాం.

తర్వాత నేను ఆర్మీలో కంచరగాడిదల కంపెనీలో చేరాను. అక్కడ ప్రతి జంతువుకీ గిట్ట మీద నంబరు. గిట్ట పెరిగేకొద్దీ అంకెలు కిందికి జారి అరిగిపోతాయి, మళ్లీ వెయ్యాలి. 1971లో పాకిస్తాన్ వాళ్లకి చిక్కి, వాళ్ల మెషిన్‌గన్ మోసుకుంటూనే తిరిగొచ్చిన పెడోంగీ నంబరు 15328. సెలవులో ఇదంతా చెబితే అమ్మ, "మన గేదెకీ ఒకటి కొట్టించాల్సిందిరా" అంది.