కండె చుట్టిన చేతుల చరిత్ర

శివాజీ సైన్యం వెంట వచ్చి ఆగిపోయిన నేతగాళ్లతోనే నారాయణపేట చీర మొదలైందని జనంలో ఒక కథ ఉంది. అది విన్నప్పుడల్లా నాకొకటే ప్రశ్న: ఆ ఆగిపోయినవాళ్లలో ఆడవాళ్లు లేరా?

1956లో హైదరాబాద్ రాష్ట్రాన్ని భాషల వారీగా విడదీస్తే రాయచూరు మైసూరు రాష్ట్రంలోకి, పాలమూరు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. నారాయణపేటలో మాత్రం మరాఠీ, కన్నడం, తెలుగు పక్కపక్కనే బతికాయి. పిల్లల నోట ఆ భాషల్ని నిలిపింది తల్లులేనని నా నమ్మకం. ఇంట్లో కండెలు చుట్టిందీ వాళ్లే. అయినా మగ్గం మీది మగవాడే 'నేతగాడు', ఆమెది 'చేతిసాయం'.

2019లో నారాయణపేట జిల్లా అయింది. గళ్ల చీర, గోపురాల అంచు గురించి రాసే మనం, కూలి లెక్కకెక్కని ఆమె పనిని వదిలేస్తే, ఆ పాత కథనే మళ్లీ చెప్పినవాళ్లమవుతాం.