రాతికి ఒకే ముఖము

ఒక కాగితపు పట్టీని తీసికొని, ఒక కొనను అర మెలిక త్రిప్పి రెండవ కొనకు అంటింపుడు. పట్టీ నడుమగా పెన్సిలుతో గీత గీయుచు పొండు. పెన్సిలు ఎత్తకుండగనే గీత కాగితమునకు రెండు ప్రక్కలను పడి, బయలుదేరిన చోటికే వచ్చును. అనగా ఈ పట్టీకి ఉన్నది ఒకే ముఖము. దీనిని 1858లో లిస్టింగు, మోబియస్ అను జర్మను గణితజ్ఞులు వేరువేరుగా కనుగొనిరి. పేరు మాత్రము మోబియస్‌కే దక్కినది.

దీనిని శిలగా మలచిన స్విట్జర్లండు కళాకారుడు మాక్స్ బిల్ (1908–1994) కథ వింతైనది. 1935లో ఒక ఇంటిలోని విద్యుత్ కుంపటిపై వ్రేలాడదీయుటకు శిల్ప మొకటి కావలెనని ఆతనిని కోరిరి. మంటలేని ఆ కుంపటికి చలనము తెచ్చునట్లు, పైకి లేచు వేడిగాలికి అది మెల్లగా తిరుగవలెను. బిల్ కాగితపు పట్టీలను మెలిపెట్టి చూచుచు ఈ రూపమును చేరెను; తానే కనిపెట్టితినని మురిసెను. అది మోబియస్ పట్టీయే యని తరువాత ఎవరో చెప్పగా చిన్నబోయి, కొంతకాలము ఆ పనినే విడిచెను.

చిన్నబోవలసిన పని లేదని నా తలంపు. గణితజ్ఞుని పట్టీకి మందము లేదు, రాతికి కలదు. మామూలు రాతి కడియమునకు లోపల, వెలుపల, రెండు అంచులు, మొత్తము నాలుగు ముఖములు. అర మెలికతో అవి రెండగును. అడ్డుకోత చతురస్రమైనచో పావు మెలిక చాలును, నాలుగును కలిసి ఒకటే యగును! పైగా రాతిని మెలిపెట్టుటకు వీలులేదు. దిమ్మలో మెలికను ముందే ఊహించి, తక్కినది చెక్కివేయవలెను. రాయి నొక్కుడుకు ఓర్చును గాని లాగుడుకు ఓర్వదు. కోటలో మా విద్యార్థులు సబ్బుబిళ్ళపై ప్రయత్నింపగా, మూడు బిళ్ళలు మెలికవద్దనే విరిగినవి.

మన స్థపతులకును లెక్క కొత్త కాదు. తాళమును పండ్రెండు అంగుళములుగా భాగించి, ఆ మానముతోనే విగ్రహమంతయు మలతురు. అయితే అచ్చట లెక్క దేవతారూపమునకు తోడు. బిల్ శిల్పములో లెక్కయే రూపము.

ఆతడు మరల ఆ పనికి పూనుకొని ‘అనంతపట్టీ’ని గ్రానైటులో చెక్కించెను. ఆ వరుసలోనిదే ‘అవిచ్ఛిన్నత’. 1947లో జూరిక్‌లో నిలిపిన మొదటి ప్రతిని మరుసటి సంవత్సరము ఎవరో ధ్వంసము చేసిరి. 1986లో ఫ్రాంక్‌ఫర్టు నగరమున అదే పేరుతో నిలిపినది గ్రానైటుది. బరువు సుమారు 80 టన్నులు.