విజ్ఞాన పరిషత్తు: తొలి సంవత్సరము

గోదావరి మండలమువారికి సభలు క్రొత్తవి కావు. రాజరాజనరేంద్రుని కొలువున నన్నయభట్టు కూర్చుండిన నాటినుండియు రాజమహేంద్రవరమున విద్వత్సభలకు కొఱత లేదు. కోనసీమ అగ్రహారములయందు వేదసభలు జరుగుచునే వచ్చినవి. అవధానములు చూచుటకు జనులు బండ్లు కట్టుకొని పోయిన కాలమును పెద్దలెఱుగుదురు. పండితుడు తాను నేర్చినదానిని ఒప్పచెప్పును. సభాసదులు విని తలయూచుదురు. దాత శాలువయు సంభావనయు నొసగును. వాక్యార్థసభలలో వాదము లేకపోలేదు. కాని యా వాదము గ్రంథమునకు గ్రంథముతోడనే. ప్రకృతిని సాక్షిగా పిలిచి యడుగుట మన సభల వాడుక కాదు.

పదునేడవ శతాబ్దమున ఐరోపాఖండములో మఱియొక విధమైన సభలు పుట్టినవి. 1660లో లండనునందు రాయల్ సొసైటీయు, 1666లో ప్యారిసునందు విజ్ఞాన పరిషత్తును ఏర్పడినవి. ఎంతటి పెద్దవాడు చెప్పినను మాటను మాటగానే నమ్మరాదనియు, చెప్పినవాడు పదిమంది యెదుట చేసి చూపవలెననియు, చూపినదానిని అచ్చువేసి లోకమునకు తెలుపవలెననియు ఆ సభలవారు నియమము చేసికొనిరి. ఇట్టి సభ మనదేశమున భారతీయుల పూనికతో ఎట్లు వెలసినదో, దాని తొలి సంవత్సరమున ఏమి జరిగినదో, దానివలన మన డెల్టావారు నేర్వదగినదేమో విచారించుట ఈ వ్యాసముద్దేశము.

1934వ సంవత్సరమునకు పూర్వము మనదేశమున విజ్ఞానసంస్థలు బొత్తిగా లేకపోలేదు. కలకత్తాలో 1784లో ఏషియాటిక్ సొసైటీ స్థాపితమైనది. 1876లో మహేంద్రలాల్ సర్కారు అను వైద్యుడు విజ్ఞానాభివృద్ధి సంఘమును నెలకొల్పెను. ఆ సంఘమువారి ప్రయోగశాలయందే 1928వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీని సర్ చంద్రశేఖర వేంకట రామన్ తన పేర ప్రసిద్ధమైన కాంతిధర్మమును కనుగొనెను. 1930లో దానికి నోబెలు బహుమానము లభించెను. 1914నుండి సైన్సు కాంగ్రెసు ఏటేట సమావేశమగుచుండెను. కాని అది తిరునాళ్లవంటిది. కొలదిదినములు కూడి, విడిపోయి, మరల మఱుసటి యేటివఱకు కానరాదు. నిత్యము మేలుకొనియుండి, పరిశోధనలను పరీక్షించి, నెలనెల ప్రకటించు సభ కావలసియుండెను. మనవారు కనుగొన్న విషయములను ఓడలమీద సీమకు పంపి, అచ్చటి పత్రికలవారి యనుగ్రహమునకు నెలల తరబడి కాచుకొనియుండుట అప్పటి దుస్థితి. ఈ లోపల అన్యదేశీయుడెవ్వడైన అదే విషయమును ప్రకటించెనా, కీర్తి యంతయు వానిదే.

1934 జనవరిలో బొంబాయియందు సైన్సు కాంగ్రెసు కూడెను. అధ్యక్షుడు మేఘనాథ సాహా. అలహాబాదులో 1930లోనే సంయుక్తరాష్ట్ర విజ్ఞాన పరిషత్తు నేర్పఱచినవాడు. అఖిలభారత పరిషత్తు ఆవశ్యకమని యాతడు తన యుపన్యాసమున వాదించెను. దానికై యొక సమితి నియమితమాయెను. సమితి పని సాగుచుండగనే రామన్ దానిని వీడి, తానున్న బెంగుళూరుననే వేఱొక పరిషత్తును స్థాపింప బూనెను. ఏప్రిలు నెలలో ఇండియన్ అకాడెమీ ఆఫ్ సైన్సెస్ రిజిష్టరు చేయబడెను. జూలై 31వ తేదీని ప్రారంభోత్సవము జరిగెను. స్థాపక సభ్యులు 65 మంది. ఆనాడే రామన్ అధ్యక్షుడుగా ఎన్నుకొనబడెను. మైసూరు ప్రభుత్వమువారు పదునొకండెకరముల భూమి నిచ్చిరి; దానిమీదనే 1948లో రామన్ పరిశోధనాలయము నిలిచెను. ఇట ఆరునెలలు తిరుగకమునుపే, 1935 జనవరి 7వ తేదీని, కలకత్తాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సెస్ ప్రారంభమాయెను. అదియే తరువాత ఢిల్లీకి చేరి, 1970లో ఇండియన్ నేషనల్ సైన్సు అకాడెమీ యను పేరు దాల్చెను. అలహాబాదు పరిషత్తు 1936లో జాతీయ నామమును గ్రహించెను. ఈ రీతిగా ఒక్క దేశమునకు మూడు పరిషత్తులైనవి. నేటికిని మూడును ఉన్నవి.

ఇది మన యనైక్యతకు గుర్తు కాదా యని చదువరు లడుగవచ్చును. కొంతవఱకు నిజమే. బెంగుళూరు పరిషత్తునకు రామన్ 1970లో మరణించువఱకు 36 ఏండ్లు ఆయనయే అధ్యక్షుడు. సభ యెంత గొప్పదైనను ఒక్కని నీడలో అంతకాలముండుట ఆదర్శమని చెప్పజాలము. అయినను పనిచేయు సభను పనినిబట్టి తూచవలెను. ఆ పరిషత్తువారి పత్రిక 1934 జూలైనుండియే మాసమాసమును వెలువడసాగెను. మఱుసటి యేట అది భౌతికశాస్త్రములకొకటియు జీవశాస్త్రములకొకటియుగా రెండు భాగములాయెను.

ఆ పత్రికలో తొలినాళ్లలో వచ్చిన ఒక్క విషయమును ఉదాహరింతును. ద్రవములో మిక్కిలి వేగముగా కంపించు శబ్దతరంగములను పుట్టించి, దాని నడుమనుండి వెలుతురును పంపినచో, అవతలనున్న తెరమీద ఒక్క గీతకు బదులు ఇరుప్రక్కల వరుసగా పెక్కు గీతలు కానవచ్చును. దీనిని 1932లో అమెరికాలోను ఫ్రాన్సులోను ప్రయోగముచే చూచిరి. కాని అన్ని గీతలెట్లు వచ్చునో సరిగా తేలలేదు. కాలువలో పడవ పోవునప్పుడు నీరు మిట్టలుగను పల్లములుగను అలలు దీరుట మనమెఱుగుదుము. శబ్దము పోవునప్పుడును ద్రవము పొరపొరకు చిక్కనై పలుచనై యుండును. ఆ పొరలగుండ పోవు కాంతితరంగము సమముగా పోజాలక, తానును ముడతలు పడి, పెక్కు దిక్కులకు చీలునని రామన్, నాగేంద్రనాథ్ అను నాతని యువశిష్యుడును 1935, 1936 సంవత్సరములలో వరుసగా వ్రాసిన వ్యాసములందు గణితముచే నిరూపించిరి. నేడు కాంతిని శబ్దముచే నడుపు సాధనములను గూర్చి చదువు విద్యార్థులు లోకమునందెల్లడలను వీరిరువురి పేరులను పఠించుచున్నారు. ఆ వ్యాసములు సీమకు పోలేదు; బెంగుళూరున అచ్చయి సీమవారిచే చదివించుకొన్నవి. పరిషత్తు సాధించిన మొదటి గౌరవమిది.

ఆంధ్రదేశమునకు ఈ యుద్యమముతో సంబంధము లేకపోలేదు. రామన్ బాల్యమున చదువుకొన్నది విశాఖపట్టణమున. ఆయన తండ్రి అచ్చటి ఏ.వి.ఎన్. కళాశాలలో ఉపాధ్యాయుడు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు భౌతికశాస్త్రమును నడపినవాడు కృష్ణామండలమున జన్మించిన సూరి భగవంతము. కలకత్తాలో రామన్ శిష్యుడు, తరువాత 1957లో బెంగుళూరు విజ్ఞానమందిరమునకే అధికారియైనవాడు. కావేరీతీరమున కుళిత్తలైలో పుట్టిన తి. రా. శేషాద్రి వాల్తేరున రసాయనశాస్త్రము బోధించుచు, ప్రత్తిపూవులలోని రంగుల స్వభావమును పరిశోధించి ఆ ఫలితములను బెంగుళూరు పరిషత్తు పత్రికకు పంపెను. మన చేలలో రాలిపోవు పూవు అట్లు లోకవిజ్ఞానమున కెక్కెను.

ఇంతవఱకు సంతోషమే. కాని సభను మెచ్చుకొనుటతో చరిత్రకారుని పని తీఱదు. ఆ సభాద్వారము వెలుపల ఎవ్వరు నిలిచియుండిరో కూడ చూడవలెను.

మొదట స్త్రీలు. పరిషత్తు పుట్టుటకు ముందటి సంవత్సరము, 1933లో, బొంబాయిలో పట్టపరీక్షయందు ఉత్తీర్ణురాలైన కమలా భాగవత్ అను కన్య బెంగుళూరు విజ్ఞానమందిరమున చేరగోరెను. అప్పటి అధికారి రామనే. స్త్రీ యను కారణముచేతనే ఆమెకు ప్రవేశము నిరాకరింపబడెను. ఆమె వెనుదిరుగక పట్టుబట్టగా, ఒక సంవత్సరము పరీక్షార్థము ఉండవచ్చుననియు, తోడి పురుషుల పనికి ఆటంకము కలిగింపరాదనియు షరతులతో ఒప్పుకొనిరి. అనగా ఒక ప్రక్క సత్యము తప్ప వేఱు ప్రమాణము లేని పరిషత్తు పుట్టుచుండగా, అదే యూర, అదే పెద్దమనుష్యుని యేలుబడిలో, ఒక యాడుబిడ్డ తాను చదువదగినదానినని నిరూపించుకొనుచుండెను. ఆమె గెలిచినది; 1939లో కేంబ్రిడ్జిలో డాక్టరు పట్టమంది, కమలా సొహొనీ యను పేర ప్రసిద్ధురాలై, మన తాటిచెట్లనుండి దిగు నీరాలోని పోషకగుణములను పరిశోధించినది. పరిషత్తును తన తప్పును కొంత దిద్దుకొన్నది. 1935లోనే చెఱకు జాతులపై కోయంబత్తూరున పనిచేసిన జానకి అమ్మాళ్ సభ్యురాలుగా ఎన్నికయ్యెను. అరువదియేండ్లకు ముందే, 1874లో, ధవళేశ్వరమున బాలికలకు పాఠశాల పెట్టి నిందలు పడిన వీరేశలింగము పంతులుగారి యూరివారమైన మనకు ఈ కథ అర్థము కాక మానదు. ప్రకృతిని ప్రశ్నించుటలో సింహమైనవాడును ఆచారమును ప్రశ్నించునప్పుడు వెనుకాడవచ్చును. అట్టివారి విజ్ఞానమును గ్రహించి, ఆచారమును విడిచిపెట్టుట మన విధి.

రెండవవారు బీదలు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు రాజమహేంద్రవరమున చదివి మెట్రిక్యులేషనులో రెండుసార్లు తప్పెను. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందులకు ఆంగ్లేయ గురువునకు కోపము వచ్చి, పూర్తిపట్టమునకు బదులు తక్కువ పట్టము దక్కెను. సోదరుడు పురుషోత్తము స్ప్రూ అను గ్రహణివంటి రోగముతో మరణించెను. 1923లో సుబ్బారావు బోస్టనుకు పోవుటకు ఏ రాజును, ఏ విద్వత్సభయు తోడ్పడలేదు. మామగారి సాయమును, కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థ యండయును అతనిని ఓడ యెక్కించినవి. రక్తములో భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్కేతో గూడి 1925లో ప్రకటించెను. పరిషత్తు పుట్టిన 1934లో ఆయన హార్వర్డులోనే పనిచేయుచుండెను. 1945లో ఆయన నాయకత్వమున లెడర్లే ప్రయోగశాలలో ఫోలికామ్లము తయారైనది. తమ్ముని చంపిన రోగమునకో, అన్నను చంపిన రోగమునకో యని కాదు, ఆ రోగముతో కృశించు లోకమునకెల్ల అది మందైనది. 1948లో ఆయన అమెరికాలోనే కన్నుమూసెను.

ఈ కథలో నేను ముఖ్యముగా గమనింప గోరునది కాకినాడ ధర్మసంస్థను. పరిషత్తులు పండిన పండును ఏరుకొనును. అది వాని ధర్మము. మొక్కకు నీరు పోయువారు వేఱొకరు కావలెను. బర్మాలో ధనమార్జించిన యొక వర్తకుని ధర్మము, రెండుసార్లు పరీక్ష తప్పినవానికి అండ నిలువబట్టి, ఎన్ని ప్రాణములు నిలిచినవో లెక్కింపజాలము. మన మండలమున సత్రములకు కొఱతయా, మాన్యములకు కొఱతయా? పుణ్యమునకై యన్నము పెట్టు దాతలు ప్రయోగశాలలో కూర్చుండదగిన యొక బీదబాలునికో బాలికకో మూడేండ్లు అన్నము పెట్టినచో ఆ పుణ్యమునకు లోపము కలుగునా?

మూడవది, అన్నిటికంటె పెద్దది, భాష. పరిషత్తు పత్రిక ఆంగ్లమున వెలువడెను. లోకమునకు తెలుపుటకది తప్పదు. దానిని నేను తప్పుపట్టను. కాని ప్రత్తిపూవును గూర్చి వాల్తేరున కనుగొన్నది ప్రత్తి పండించువానికి తెలియు మార్గమేది? ఈ కొఱతను మనవారు చాల ముందుగనే గ్రహించిరి. వీరేశలింగముగారు తెలుగున శాస్త్రవిషయములు వ్రాసిరి. 1906లో కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావు ప్రభృతులు హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, జీవశాస్త్రము, రసాయనశాస్త్రము మొదలగువానిని తెలుగున ప్రకటించిరి. 1923లో లక్ష్మణరావుగారు మరణించుటతో ఆంధ్రవిజ్ఞానసర్వస్వము అర్ధములో నిలిచెను. బెంగుళూరు పరిషత్తు పుట్టుటకు 28 ఏండ్ల ముందే తెలుగునకు విజ్ఞానోద్యమము కలదు. రెండును ఒకదానినొకటి కలిసికొనలేదు. ఇదియే మన నష్టము.

కలిసినచో ఫలమెట్లుండునో డెల్టాలోనే చూడవచ్చును. 1925లో పశ్చిమగోదావరిలోని మార్టేరునందు వరి పరిశోధనాక్షేత్రము నెలకొన్నది. అచ్చట రూపొంది 1982లో విడుదలయైన స్వర్ణ యను వరి రకము మన డెల్టానే కాక వంగదేశ, ఉత్కళదేశముల పొలములనుగూడ కప్పినది. ఆ పరిశోధకుల మాట రైతునకు ఎట్లు చేరెను? గట్టుమీద నిలిచి తెలుగున చెప్పుటచేత, పైరు చూపుటచేత. చేసి చూపుట యను రాయల్ సొసైటీ నియమము ఇచ్చట మడిలో పాటింపబడెను.

నేడు బెంగుళూరు పరిషత్తువారి సంపుటములన్నియు, 1934నాటి తొలి సంచికతో సహా, అంతర్జాలమున వెలలేక లభించుచున్నవి. ద్వారము తెఱచియేయున్నది; గడప మాత్రము ఆంగ్లము. రాజమహేంద్రవరమున, కాకినాడలో, భీమవరమున, నరసాపురమున కళాశాలలు కలవు. వానియందు శాస్త్రాచార్యులు కలరు. ఒక్కొక్క రాచార్యుడు ఏడాదికొక్క పరిశోధనను మాత్రము సులభమైన తెలుగున వ్రాసి యిచ్చినను, గౌతమీ గ్రంథాలయమువంటిచోట నెలకొకమాఱు దానిని చదివి, శ్రోతలు ప్రశ్నింపగా సమాధానము చెప్పినను, కొలదికాలముననే మనకొక సంపుటము సిద్ధమగును. దానికి ప్రభుత్వము నడుగనక్కఱలేదు, భవనము కట్టనక్కఱలేదు. సభ్యులకు శాలువలు కప్పకుండుట మాత్రము మంచిది. తలయూచు అలవాటు మాని, "ఇది నిజమని మీ కెట్లు తెలిసినది?" అని యొక విద్యార్థిని లేచి యడుగగలిగిన నాడు ఆ సభకు తొలి సంవత్సరము మొదలైనదని యెంచవచ్చును.