ఎముకల మందు షుగరు చీటీలోకి ఎలా వచ్చింది?

కార్వేటినగరం చుట్టుపక్కల ఎముక విరిగితే జనం పరుగెత్తేది పుత్తూరు కట్టుకే. డి విటమిన్ కూడా ఎముకల కోసం పుట్టిన మందే. మరి ఈ అరవై వేల యూనిట్ల పొడి ప్యాకెట్ షుగరు ఉన్నవాళ్ల మందుల చీటీలో ఎందుకు కనిపిస్తోంది?

1919లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ మెలన్‌బీ ఎండ తగలకుండా పెంచిన కుక్కపిల్లలకు రికెట్స్ వచ్చింది, కాళ్లు వంకర్లు పోయాయి. కాడ్ చేప కాలేయపు నూనె పోస్తే ఆ జబ్బు రాలేదు. అదే ఏడాది బెర్లిన్‌లో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ ఏ నూనే పోయకుండా, అతినీలలోహిత దీపపు వెలుగుతోనే పిల్లల రికెట్స్ నయం చేశాడు. నూనెకూ వెలుగుకూ ఏమిటి సంబంధం? 1922లో అమెరికాలో మెకాలమ్, నూనెలోని ‘ఎ’ విటమిన్‌ను పోగొట్టినా రికెట్స్ తగ్గుతుండటం చూసి, అందులో ఉన్న ఆ రెండోదానికి డి అని పేరు పెట్టాడు. చర్మంలోని ఒక కొవ్వు పదార్థమే ఎండకు డి3గా మారుతుందని ఆ తర్వాత తేలింది. ఈ తరహా పదార్థాలకూ విటమిన్లకూ ఉన్న సంబంధం తేల్చినందుకు జర్మనీ శాస్త్రవేత్త విండౌస్‌కు 1928లో నోబెల్ వచ్చింది. ఇప్పటికీ డి3 ఎక్కువగా తయారయ్యేది గొర్రె ఉన్ని జిడ్డు నుంచే. అందులోని కొలెస్టరాల్‌ను మార్చి, దీపాల వెలుగు సోకిస్తారు.

షుగరుతో చుట్టరికం 1980లో మొదలైంది. డి కరువైన ఎలుకల్లో క్లోమం ఇన్సులిన్‌ను తక్కువగా వదులుతోందని ఆంథోనీ నార్మన్ బృందం చూపింది. ఆశలు పెరిగాయి. 2019లో అమెరికాలో, షుగరు అంచున ఉన్న 2,423 మందిలో సగం మందికి రోజూ 4,000 యూనిట్లు ఇచ్చి చూశారు. షుగరు రావడం కాస్త తగ్గినట్టు కనిపించింది గానీ, అది మందు వల్లేనని రుజువు కాలేదు.

మన దగ్గరి కథ వేరు. ఇంత ఎండ కాసే సీమలో లోపమేమిటి అనుకుంటాం. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం చేసిన పరిశోధనల్లో, పల్లెవాళ్లు పట్నంవాళ్ల కంటే మెరుగే అయినా, చాలామందికి డి చాలడం లేదని తేలింది. తిండిలో కాల్షియమూ తక్కువే. డి బాగా తయారయ్యేది పగలు పదకొండు, రెండు గంటల మధ్యేనని కూడా తిరుపతి ఎండలోనే పరీక్షించి చూశారు. మనం నమ్ముకున్న పొద్దుటి లేత ఎండకు ఆ సత్తువ లేదు!

కాబట్టి నా మాట ఇది. డి విటమిన్ షుగరు మందు కాదు, దాన్ని నమ్మి మాత్రలు మానకండి. రక్తపరీక్షలో లోపం తేలితే తప్పక వాడండి. కొవ్వులో కరిగేది కనుక భోజనం తర్వాత, లేదా పాలతో తీసుకోండి. వారానికి ఒకటి రాసిన ప్యాకెట్‌ను రోజూ తాగితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. షుగరుతో కిడ్నీలు ఇప్పటికే నలిగినవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు.