చెరకుసారా త్రాగిన బండ్లు

నలువదేండ్ల క్రిందట నేను బ్రెజిలు దేశమునకు వచ్చి, సావో పాలో రాష్ట్రములో చెరకుతోటల నడుమనున్న పిరసికాబా పట్టణమున కాపురము పెట్టినపుడు, వేకువజామున వీథిలోనికి రాగానే నన్ను నిలువరించినది కార్ల పొగ. అది మనయూళ్లలోని పెట్రోలు కంపు కాక, బెల్లము వండు పొయ్యికిని సారాబట్టీకిని నడుమ నిలుచున్నవాని ముక్కునకు సోకెడి పుల్లతీపి వాసనవలె నుండెను. మనదేశమున సైతము పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలుపుచున్న యీ దినములలో, తడిసారాతోనే (కొంత నీరు కలిసియున్న ఇథనాలుతోనే) బండ్లు నడిపిన వీరి కథ మీకు రుచింపవచ్చును.

1973లో ముడిచమురు ధర పలుమడంగులు కాగా, తనకు వలసినదానిలో అధికభాగము పైదేశములనుండి కొనుచుండిన బ్రెజిలు కుదేలయ్యెను. అంతలో చక్కెర ధరయు 1974లో మిన్నంటి, పిమ్మట నేలగూలగా, చమురునకు ధనము చాలక, చక్కెరకు గిరాకి లేక, రెండు కష్టములను ఒకదానితో నొకటి తీర్చుకొనదలచి, అధ్యక్షుడు గైజెల్ సైనికప్రభుత్వము 1975 నవంబరు 14న, చెరకుసారాను బండ్లకు ఇంధనముగా వాడించు ప్రోఆల్కూల్ పథకమును శాసించెను. మిల్లుల యజమానుల బొక్కసము నింపుటకే యిది పుట్టినదని గిట్టనివారందురు; అందు నిజము లేకపోలేదు. దిగుమతి పెట్రోలులో 5 శాతము సారా కలుపవలెనను శాసనము 1931 నాటికే యుండెను గనుక తలంపు క్రొత్తది కాదు. సావో జోసే దోస్ కాంపోస్‌లోని వైమానిక పరిశోధనాకేంద్రమున ఉర్బానో ఎర్నెస్టో స్టుంఫ్ అను ఇంజినీరు పెట్రోలు ఇంజినులను సారాకు మలచగా, 1976లో అట్టి కార్లను దేశమున వేలకొలది కిలోమీటర్లు త్రిప్పి జనమునకు చూపిరి.

మలచుట యనగా నేమో మా వీథి చివరి ముసలి మెకానిక్కు నాకు చేతిలోపెట్టి చూపినాడు. ఒకపాలు పెట్రోలు మండుటకు సుమారు 14.7 పాళ్ల గాలి కావలయును, సారాకు 9 పాళ్లే చాలును. కావున అంతే గాలికి ఎక్కువ సారా పోవునట్లు, కార్బురేటరులో ఇంధనము పారు జెట్టును విప్పి పెద్దరంధ్రపుదానిని బిగింపవలెను. సారా అధికమైన ఒత్తిడికి తాళును గనుక, సిలిండరు హెడ్డును అరగదీసియో పిస్టనులు మార్చియో ఆ గుణమును వాడుకొనవలెను. కార్బురేటరునకు నికెలుపూత వేయింపవలెను. చాలమంది జెట్టు మార్చి చేతులు దులుపుకొనిరట! అట్టివారి కార్బురేటరు నొకదానిని ఆయన విప్పి నా ముందుంచగా, తడిసారా తినివేసిన లోహము, గిన్నె యడుగున ఉప్పువలె తెల్లని పొడియై పేరుకొనియుండెను.

నేను కొన్నదియు మార్పిడి కారే. సారా చలికి తొందరగా ఆవిరి కాదు గనుక, ఇంజినును మేలుకొలుపుటకు గుక్కెడు పెట్రోలు పోయు చిన్నతొట్టి యొకటి దాని బానెట్టు క్రింద నుండెను. దానిని నింపుట మఱచి, ఒక జూలై ఉదయమున (ఇక్కడ అది చలికాలము) పొరుగువారిచేత వీథి పొడవునను త్రోయించుకొన్నాను.

1979లో ఫియట్ 147 సారాకే తయారై ఫ్యాక్టరీనుండి వెలువడగా, జనము దానికి తమ చెరకుసారాయగు కషాసా పేరుమీదుగా 'కషసిన్యా' యని ముద్దుపేరు పెట్టిరి. పదేండ్లు తిరుగకమునుపే క్రొత్తకార్లలో పదింట తొమ్మిది సారావే. అయితే 1986లో చమురు ధర కూలెను, చక్కెర మరల ప్రియమయ్యెను, మిల్లులు చెరకును చక్కెరవైపు మరలించెను. 1989లో సారాకై బంకుల ముందు బారులు తీరి నిలిచినవారిలో నేనును ఒకడను. సారా, పెట్రోలు ఏది పోసినను నడచు ఫ్లెక్సు కార్లు వచ్చినది 2003లో. సారా ధర పెట్రోలు ధరలో 70 శాతమునకు లోబడియున్నచో సారా పోయించుకొనుట, మించినచో పెట్రోలు పోయించుకొనుట నేటి వాడుక. లీటరు పెట్రోలుతో పోవు దూరములో ఆపాటియే లీటరు సారాతో బండి పోవును గదా.

మా మెకానిక్కు, తాను మార్చిన కార్లనుండి తీసిన పెట్రోలు జెట్టులను పారవేయక, కాఫీడబ్బాలో దాచియుంచెను. 1990లో, సారా దొరకక, ఆ యజమానులే ఒక్కరొక్కరుగా వచ్చి, తమ జెట్టులను మరల బిగింపుమని అడిగిరట. రానివారివి యిప్పటికిని ఆ డబ్బాలోనే యున్నవి. ఇత్తడివి గనుక తుప్పు పట్టలేదు.