ఉబ్బసం, ఊపిరితిత్తుల క్యాన్సర్ చికిత్సలో సుబ్బారావు పరిశోధనల వారసత్వం

రాత్రివేళ తెరలు తెరలుగా వచ్చే దగ్గు, పిల్లికూతలు, ఆయాసం, ఛాతీ ఎక్స్‌రేలో మచ్చలు. ఈ లక్షణాలు క్షయవి కావచ్చు, ఉబ్బసానివి కావచ్చు, ఫైలేరియా క్రిముల వల్ల వచ్చే ఊపిరితిత్తుల వ్యాధివి కావచ్చు, కొన్నిసార్లు క్యాన్సర్‌వీ కావచ్చు. చికిత్స మాత్రం దేనికదే వేరు. ఈ వ్యాధుల చికిత్సా పరిశోధన చరిత్రలో తెలుగు నేలకు, భీమవరంలో జన్మించిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుకు (1895-1948) ప్రత్యేక స్థానం ఉంది.

మదనపల్లె పరిశీలన

మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయంలో కొందరు రోగుల ఎక్స్‌రేలు క్షయను తలపించినా, వారి రక్తంలో ఇసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు అసాధారణంగా పెరిగినట్లు వైద్యులు గమనించారు. ఫ్రిమోట్ మోలర్, బార్టన్ ఈ స్థితిని ‘క్షయను పోలిన వ్యాధి’గా 1940లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వర్ణించారు. 1943లో వైన్‌గార్టెన్ దీనికి ‘ట్రాపికల్ ఇసినోఫిలియా’ అని పేరు పెట్టారు. ఫైలేరియా సూక్ష్మక్రిములపై శరీరం చూపే తీవ్ర ప్రతిస్పందనే దీనికి కారణమని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

తొలినాళ్లలో దీనికి ఆర్సెనిక్ సమ్మేళనాలు వాడేవారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు నాయకత్వంలోని బృందం 1947లో వెల్లడించిన డైఈథైల్ కార్బమజైన్ వాటి స్థానాన్ని ఆక్రమించింది. ఫైలేరియా నివారణ కార్యక్రమాల్లో పంపిణీ చేసే మాత్ర ఇదే. ఇసినోఫిలియా రోగులకు సాధారణంగా దీన్ని మూడు వారాలు ఇస్తారు.

ఫోలిక్ ఆమ్లం నుంచి క్యాన్సర్ మందు వరకు

లెడర్లీ బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. కణ విభజనకు అవసరమైన ఈ విటమిన్ పనిని అడ్డుకునే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అదే ప్రయోగశాల నుంచి వచ్చాయి. అమినోప్టెరిన్‌తో బాలల లుకేమియా తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ఫోలిక్ ఆమ్ల నిరోధకాల శ్రేణిలో తర్వాతి తరానికి చెందినది పెమెట్రెక్సెడ్. 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో 1,725 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులపై దీన్ని జెమ్‌సైటబైన్‌తో పోల్చారు. రెండు బృందాలకూ సిస్‌ప్లాటిన్ ఇచ్చారు. మొత్తం మీద రెండు చికిత్సల ఫలితమూ సమానమే. అయితే అడినోకార్సినోమా రకంలో పెమెట్రెక్సెడ్ పొందినవారి మధ్యస్థ జీవితకాలం 12.6 నెలలు కాగా, రెండో బృందానికి 10.9 నెలలు. స్క్వేమస్ రకంలో ఫలితం తలకిందులైంది. క్యాన్సర్ రకాన్ని నిర్ధారించకుండా మందు ఎంచుకోరాదన్న సూత్రానికి ఇది బలమైన ఆధారం. ఈ మందు దుష్ప్రభావాలు తగ్గించడానికి రోగికి ముందుగా ఇచ్చేది ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్లే.

ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి ఈజీఎఫ్ఆర్ జన్యుమార్పు ఉన్న 350 మందిపై జరిపిన అధ్యయనం 2020లో వెలువడింది. గెఫిటినిబ్ మాత్ర ఒక్కటే వాడినప్పుడు వ్యాధి ముదరకుండా గడిచిన మధ్యస్థ కాలం 8 నెలలు. దానికి పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్ జోడిస్తే అది 16 నెలలకు పెరిగింది. తీవ్ర దుష్ప్రభావాలు కూడా ఎక్కువయ్యాయి.

తీవ్ర ఉబ్బసంలో విఫల, సఫల యత్నాలు

పీల్చే మందులు అధిక మోతాదులో వాడినా అదుపులోకి రానిదాన్ని తీవ్ర ఉబ్బసంగా పరిగణిస్తారు. ఇటువంటి రోగులు దీర్ఘకాలం స్టెరాయిడ్ మాత్రలపై ఆధారపడితే ఎముకల బలహీనత, మధుమేహం వంటి ముప్పులు ఉంటాయి. స్టెరాయిడ్ తగ్గించేందుకు 1980లలో మెథోట్రెక్సేట్‌ను పరీక్షించారు. తొలి ఫలితాలు ఆశ కలిగించినా, తర్వాతి సమీక్షల్లో లాభం స్వల్పమని, దుష్ప్రభావాలకు అది సరితూగదని తేలింది.

ఇసినోఫిల్ కణాల వృద్ధికి తోడ్పడే ఇంటర్‌ల్యూకిన్-5ను అడ్డుకునే మెపోలిజుమాబ్ ఇంజెక్షన్ మెరుగైన ఫలితమిచ్చింది. 2014లో 135 మందిపై జరిగిన అధ్యయనంలో దీన్ని పొందినవారి స్టెరాయిడ్ మోతాదు మధ్యస్థంగా 50 శాతం తగ్గింది. ఉత్తుత్తి మందు పొందిన బృందంలో మధ్యస్థ తగ్గుదల శూన్యం.

నిర్ధారణే కీలకం

ఇసినోఫిల్ కణాలు పెరిగిన ప్రతి ఆయాసమూ ఉబ్బసం కాదు. ఫైలేరియా మూలమైతే ఖరీదైన ఇంజెక్షన్ అవసరం లేదు, చవకైన మాత్ర సరిపోతుంది. మచ్చ క్యాన్సర్‌దైతే క్షయ మందులతో గడిచే ప్రతి నెలా రోగికి నష్టమే. తెలంగాణ సరిహద్దున ఉన్న ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా ఆవపల్లి వంటి అటవీ ప్రాంతాలకు ఈ తేడా మరింత ముఖ్యం. బయాప్సీ, జన్యుపరీక్ష వంటివి పెద్ద ఆసుపత్రులకే పరిమితం కాగా, కఫ పరీక్ష, ఇసినోఫిల్ లెక్కింపు చిన్న ప్రయోగశాలలోనూ సాధ్యం. కఫంలో క్షయ క్రిమి కనిపించకపోయినా, చికిత్సతో మచ్చ తగ్గకపోయినా, కఫంలో రక్తం పడినా, బరువు తగ్గినా రోగిని జాప్యం లేకుండా పెద్ద ఆసుపత్రికి పంపాలి. కొత్త మందుల ఫలం రోగికి అందాలంటే మొదట వ్యాధి పేరు సరిగా తేలాలి. మదనపల్లె వైద్యులు 1940లో చేసింది అదే.